అవార్డు పుస్తకాలు అల్మారాలో, పిల్లలు వాకిట్లో

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: హన్మకొండ దగ్గరి శాఖా గ్రంథాలయంలో పిల్లల గది మీ బాధ్యత అయింది. పుస్తకాలకు, సామానుకు కలిపి 25,000 రూపాయలున్నాయి. అవార్డులొచ్చిన బాలల పుస్తకాల జాబితా కావాలి. మే నెలలో చేతిపనుల శిబిరం పెట్టాలి. పోయినేడు శిబిరానికి రోజూ ముప్పై మంది దాకా వచ్చారు గానీ, ఆ పది రోజుల్లో ఇంటికి పోయిన పుస్తకాలు నాలుగే.

ఆ నాలుగు అన్న లెక్క దగ్గరే మొదలుపెడదాం. అవార్డు జాబితా అయినా, కత్తెర పని అయినా ఒకే కొలతతో చూడండి: ఆ రోజు ఎన్ని పుస్తకాలు పిల్లల సంచుల్లో పడి గడప దాటాయి? ఇరవై మంది వచ్చిన రోజు పదిహేనైనా పోకపోతే కార్యక్రమంలో ఎక్కడో తప్పుంది. చాలాసార్లు ఆ తప్పు పిల్లల్లో ఉండదు, మనం వేసుకున్న వరుసలో ఉంటుంది. దాని సంగతి శిబిరం దగ్గర చెప్తాను.

ముందు తాళం. విలువైన పుస్తకాలని అల్మారాలో పెట్టి తాళం వేశామన్నారు. ఎందుకు వేస్తారో ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. స్టాక్ వెరిఫికేషన్‌లో, అంటే పుస్తకాలన్నీ లెక్కపెట్టి చూసేటప్పుడు, ఒకటి తక్కువైతే ఆ డబ్బు ఎవరి జీతంలోంచి పోతుందోనని భయం. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి 2017లో 215వ నియమం చూడండి. ఏడాదిలో ఇష్యూ అయిన, లేదా అక్కడే కూర్చుని చదివిన ప్రతి వెయ్యి పుస్తకాలకు ఐదు పోవడం సహజమే అని ఒప్పుకుంటుంది. మోసం, నిర్లక్ష్యం లేకపోతే చాలు. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకం గానీ, అరుదైన పుస్తకం గానీ పోతే మాత్రం విచారణ తప్పదు. అది కేంద్ర సంస్థల నియమం, జిల్లా గ్రంథాలయ సంస్థలో నేరుగా నడవకపోవచ్చు. అయినా పైవాళ్లకు నోట్ పెట్టేటప్పుడు ఆధారంగా చూపడానికి గట్టిది. ఒకటి గమనించండి, అందులో లెక్క ఇష్యూల మీద ఉంది. ఏడాదికి 1,200 ఇష్యూలు చేసిన గదిలో ఆరు పుస్తకాలు పోతే నియమంలోనే ఇముడుతాయి. నలభై ఇష్యూలు చేసిన గదిలో ఒక్కటి పోయినా సంజాయిషీ రాసుకోవాల్సిందే. అంటే తాళం మిమ్మల్ని కాపాడదు, ఇష్యూ రిజిస్టరే కాపాడుతుంది.

తాళం తీశాక పుస్తకాలు ఎక్కడ పెట్టాలి? ఆరేళ్ల లోపు పిల్లలకు పై అర నేల నుంచి మూడడుగులు దాటకూడదు. వాళ్ల పుస్తకాలకు వెన్ను అర సెంటీమీటరు కూడా ఉండదు, దాని మీద పేరూ పట్టదు. అలాంటివి నిలబెట్టి వరుసగా పేరిస్తే పిల్లవాడికి కనిపించేది తెల్లటి గీతలే. అట్ట ముఖం బయటికి ఉండాలి. పిన్ను కొట్టిన సన్న పుస్తకాలైతే గోడకు మూడు మీటర్ల నైలాన్ తాడు బిగించి, నడిమి పేజీ దగ్గర తెరిచి తాడు మీద వేయండి. డజను దాకా పడతాయి. క్లిప్పులు వద్దు, అట్ట మీద గాటు పడుతుంది. మందం పుస్తకాలు తాడు మీద వేస్తే కుట్టు వదులవుతుంది. వాటికి నాలుగంగుళాల పీవీసీ పైపును పొడవునా సగానికి కోయించి గోడకు బిగిస్తే చాలు. కోసిన అంచును గరుకు కాగితంతో రుద్దించడం మరిచిపోవద్దు, చేతులు కోసుకుంటాయి.

విషయం వారీగా పుస్తకాలను విడదీసే డ్యూయీ నంబరు రిజిస్టర్‌లో ఉండనీయండి, పిల్లల అరల మీద దానితో పని లేదు. తెలుగు సాహిత్యమంతా 894.827 కిందికి, జానపద కథలన్నీ 398.2 కిందికి వస్తే, పిల్లవాడు వెతుక్కునేదేముంది? చదవడానికి ఎంత కష్టమో తెలిపే రంగు బిళ్లలు వేయండి. ప్రథమ్ బుక్స్ వాళ్ల పిల్లల కథల వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో కథలకు నాలుగు మెట్లున్నాయి: 250 మాటల లోపు, 250 నుంచి 600, 600 నుంచి 1,500, ఆపైన. మొదలుపెట్టడానికి అదే కొలత పట్టుకోవచ్చు. తెలుగులో మాత్రం ఒక సవరణ అవసరం. మన మాటలు పొడుగు, ఒకదానికొకటి అతుక్కుంటాయి. 'తీసుకెళ్లిపోయాడు' అన్నది లెక్కకు ఒకటే మాట, చదివే పిల్లకు మాత్రం కొండ. రెండొందల మాటలే ఉన్నా పేజీకి ఆరేడు ఒత్తులు కనిపిస్తే ఆ పుస్తకాన్ని ఒక మెట్టు పైకి జరపండి.

ఇప్పుడు అవార్డులు. తెలుగులో ముందుగా చూడాల్సింది కేంద్ర సాహిత్య అకాడమీ బాల సాహిత్య పురస్కారం. 2010లో మొదలైంది, 24 భాషల్లో ఇస్తారు, 50,000 రూపాయలు, తామ్ర ఫలకం. దాన్ని కొనుగోలు జాబితాగా వాడబోతే మూడు చోట్ల ఇరుక్కుంటారు.

మొదటిది, ప్రతి ఏటా అది ఒక పుస్తకానికే రాలేదు. కొన్నేళ్లు మొత్తం కృషికి ఇచ్చారు. 2017లో మెట్‌పల్లి ప్రాంతపు వాసాల నర్సయ్య గారికి వచ్చింది అలాంటిదే. ఆ ఏటి 'అవార్డు పుస్తకం' పంపమని దుకాణంలో అడిగితే వాళ్లేం ఇస్తారు? రచయిత పేరు మీద దొరికినవన్నీ చూసి మీ పిల్లల వయసుకు తగినవి ఏరుకోవాలి. రెండోది, తెలుగు బాలల పుస్తకాల్లో చాలా భాగం రచయితలే అచ్చు వేసుకున్నవి. ప్రతులు తక్కువ, దుకాణాల్లో ఉండవు. ఇక్కడ మనకొక సౌకర్యం ఉంది: 2022లో 'బాలల తాత బాపూజీ'కి ఈ పురస్కారం అందుకున్న పత్తిపాక మోహన్ గారు సిరిసిల్ల వారు. మన పక్క జిల్లాల రచయితల పుస్తకాలు వాళ్లనే అడిగి తెప్పించుకోవడం తేలిక, బిల్లు మాత్రం సరిగ్గా తీసుకోండి. మూడోది అన్నిటికంటే పెద్దది. ఈ పురస్కారం రచనను చూసి ఇచ్చేది. బొమ్మలు ఎలా ఉన్నాయి, అచ్చు ఎంత లావుంది, నాలుగేళ్ల పిల్ల ఒళ్లో పడుతుందా అన్నది దాని పరిధిలోకి రాదు. దాన్నే నమ్ముకుంటే మీ గదిలో ఎనిమిదేళ్ల లోపు వాళ్లకు దాదాపు ఏమీ మిగలదు.

ఈ తేడాను అమెరికా వాళ్లు ముందే విడదీశారు. అక్కడి గ్రంథాలయ సంఘం బాలల విభాగం ఇచ్చే న్యూబెరీ పతకం రచనకు, 1922 నుంచి ఉంది. కాల్డెకాట్ పతకం బొమ్మలకు, 1938 నుంచి. రెండూ అమెరికా పౌరులకో, అక్కడ నివసించేవాళ్లకో మాత్రమే. కాబట్టి అట్ట మీద బంగారు బిళ్ల చూసి ప్రపంచంలోకెల్లా గొప్ప పుస్తకమని కొనకండి. రెండేళ్లకోసారి ఇచ్చే హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ పురస్కారం అంతర్జాతీయమే గానీ అది ఒక పుస్తకానికి కాదు, జీవితకాలపు కృషికి. రచయితలకు 1956 నుంచి, చిత్రకారులకు 1966 నుంచి ఇస్తున్నారు. ఇక్కడ ఇంగ్లిష్, హిందీ పుస్తకాలకు టాటా ట్రస్ట్స్ 'పరాగ్ ఆనర్ లిస్ట్' 2020 నుంచి వస్తోంది. ఇంగ్లిష్ మీడియం పిల్లలు మీ దగ్గరికి వస్తుంటే అందులోంచి పదో పదిహేనో తీసుకోవచ్చు. ఖరీదైన విదేశీ పుస్తకాలు ఈ 25,000లో వద్దు.

నేనైతే డబ్బు ఇలా విడదీస్తాను. పుస్తకాలకు 17,000, తాడు-పైపు-చాపలకు 3,000, చేతిపనుల సామానుకు 4,000, మరమ్మతుకు 1,000. పుస్తకం సగటున 85 రూపాయలనుకుంటే 200 ప్రతులొస్తాయి. నేషనల్ బుక్ ట్రస్ట్, మంచి పుస్తకం, ప్రథమ్ బుక్స్, తూలిక తెలుగు పుస్తకాలు చూడండి. అందులో పది పుస్తకాలు మాత్రం మూడేసి ప్రతులు కొనండి. ఒక్కో ప్రతి కొనే అలవాటు మన గ్రంథాలయాలను పట్టుకున్న జబ్బు. ఒక పిల్ల 'ఇది మంచిగుంది' అన్న వెంటనే పక్క పిల్లకు అది దొరక్కపోతే ఆ మాట అక్కడే ఆగిపోతుంది. ఇంకా డబ్బు కావాలంటే కలకత్తాలోని రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్‌కు బాలల విభాగాల సాయం పథకం ఉంది. అది రాష్ట్రం ద్వారా నడిచేది, కాగితాలకు నెలలు పడుతుంది, ఈ మే నెలకు దాన్ని లెక్కలో వేసుకోకండి.

కొనేముందు ఒక పరీక్ష. పుస్తకం నడిమి పేజీ తెరిచి గట్టిగా చదవండి. ఊపిరి తీసుకోకుండా వాక్యం పూర్తి కాకపోతే అది పిల్లలకు చదివి వినిపించే పుస్తకం కాదు. చివరి పేజీ చూడండి. కథంతా అయ్యాక 'కాబట్టి పిల్లలూ' అని మొదలైతే పక్కన పెట్టండి, అలాంటివి మీ అల్మారాలో ఇప్పటికే బోలెడు ఉండి ఉంటాయి. మాట బొమ్మ మీద అచ్చయి ఉంటే వెలుతురు తక్కువున్న గదిలో చదవలేరు. జిగురుతో అంటించిన బైండింగ్ మన ఎండలకు పెళుసెక్కి రెండో వేసవికి పేజీలు రాలుస్తుంది. దారం కుట్టో, పిన్నులో ఉన్నవి ఏరుకోండి. పిన్నులు వానాకాలం తుప్పు పడతాయి గానీ అది బాగుచేసుకోదగ్గ రోగం.

భాష సంగతి కూడా ఇక్కడే. మన దగ్గర ముసలమ్మలు చెప్పేది 'శాత్రం', పుస్తకంలో ఉండేది 'కథ'. ఇంట్లో బాపు, నాయిన, పుస్తకంలో నాన్నగారు. సొరకాయ బొమ్మ చూపిస్తే పిల్ల ఆనెపుకాయ అంటుంది. తప్పని దిద్దకండి, పుస్తకంలోని మాటను మింగేసి ఇంటి మాటే చదవకండి కూడా. ఉన్నది ఉన్నట్టు ఒకసారి చదివి, 'మనింట్ల దీన్నేమంటరు?' అని అడిగి, అది కలిపి మళ్లీ ఆ వాక్యం చదవండి. ములుగు, మహబూబాబాద్ వైపు లంబాడా, కోయ ఇళ్ల పిల్లలుంటే ఇది ఇంకా అవసరం. వాళ్లకు తెలుగు బడి భాష. అదే పుస్తకం వరసగా మూడు రోజులు చదివినా విసుక్కోరు. మూడో రోజుకు వాళ్లే ముందు చెప్పేస్తారు.

మూడేసి ప్రతులు కొన్న ఆ పది పుస్తకాలతో చేయాల్సిన పని మరొకటుంది. పెద్దల అవార్డు పెద్దల అభిప్రాయం చెప్తుంది. పిల్లల అభిప్రాయం తెలియాలంటే పిల్లలతోనే ఓటు వేయించాలి. అమెరికాలో కాన్సస్ రాష్ట్రం 1952 నుంచి ఈ పని చేస్తోంది. టెక్సాస్‌లో బ్లూబానెట్ అవార్డుకు 20 పుస్తకాల జాబితా పెట్టి, వాటిలో కనీసం ఐదు చదివిన పిల్లకే ఓటు ఇస్తారు. మీ గదికి పది పుస్తకాలు, కనీసం మూడు చదివితే ఓటు అని పెట్టుకోండి. జూన్‌లో బడులు తెరవగానే జాబితా గోడకెక్కాలి. ఓటింగ్ నవంబర్ 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో. మధ్యలో బతుకమ్మ, దసరా సెలవులు వస్తాయి, చదువు ఎక్కువ సాగేది అప్పుడే.

ఓటు కాగితం మీద అక్షరాలు కాకుండా పది అట్టల చిన్న బొమ్మలు జిరాక్స్ తీయించండి, పక్కన గడి. చదవడం రాని పిల్ల కూడా, విన్న పుస్తకానికి ఓటు వేయొచ్చు. ఇష్యూ రిజిస్టర్‌లో ఉన్నవి, గదిలో కూర్చుని చదివినవి, విన్నవి, మూడూ లెక్కలోకి రావాలి. అందుకని పిల్లకొక కార్డు ఇచ్చి చదివినప్పుడల్లా ముద్ర వేయండి. ముద్ర వేసే ముందు ఒకే ప్రశ్న: 'ఇందుల నీకు ఏది యాదికుంది?' పరీక్షలాగా పెట్టారో, రెండో పుస్తకానికి రారు.

ఇక్కడ చెడేవి మూడు. బడి సారు 'మనమందరం దీనికే వేద్దాం' అంటారు. కాబట్టి ఓటు బడిలో కాదు, మీ గదిలో, ఒక్కొక్కరుగా, చాటుగా వేయించండి. అక్క ఓటును తమ్ముడు చూసి వేస్తాడు. ఇద్దరినీ వేర్వేరు రోజుల్లో రమ్మనండి. మూడోది ఎవరూ గమనించరు: సన్నటి పుస్తకమే ఎప్పుడూ గెలుస్తుంది. పదహారు పేజీల పుస్తకాన్ని నలభై మంది చదివితే ఇరవై రెండు ఓట్లు పడొచ్చు. తొంభై ఆరు పేజీలది పన్నెండు మందే చదివి తొమ్మిది ఓట్లు పడొచ్చు. ఓట్లు మాత్రమే చూస్తే మొదటిది గెలిచినట్టు. చదివినవాళ్లలో ఎంతమందికి నచ్చిందని చూస్తే మొదటిదానికి నూటికి 55, రెండోదానికి 75. అందుకే ప్రతి పుస్తకానికీ 'చదివినవాళ్లు', 'ఓట్లు' అని రెండు అంకెలూ గోడ మీద రాయండి. కనీసం పది మంది చదివిన పుస్తకాల్లోంచే గెలుపు తేల్చండి. లెక్కింపు పిల్లలే చేయాలి, అందరి ముందు, నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డంగా కొట్టే పద్ధతిలో. ఐదో తరగతి పిల్లలకు శాతాల పాఠం కూడా అయిపోతుంది.

గెలిచిన పుస్తకం అట్ట మీద బిళ్ల అంటించకండి, తీస్తే అట్ట ఊడుతుంది. ఐదు సెంటీమీటర్ల వెడల్పు కాగితం పట్టీ అట్ట చుట్టూ తొడిగి దాని మీద పతకం అంటించండి. పతకం కూడా పిల్లలే చేయొచ్చు. రంగు కాగితాన్ని 4 సెంటీమీటర్ల వెడల్పు, 28 సెంటీమీటర్ల పొడవు పట్టీలుగా కోసి రెండింటిని అతికిస్తే 55 సెంటీమీటర్లు వస్తుంది. సెంటీమీటరుకో మడత చొప్పున విసనకర్రలా ముందుకూ వెనక్కూ మడిచి, రెండు చివరలు కలిపి, మధ్యకు నొక్కితే పువ్వులా పరుచుకుంటుంది. ఒక్క పట్టీతోనే చేయబోతే పరుచుకోదు, గిన్నెలా పైకి లేస్తుంది. చేయి తీయగానే విచ్చుకునిపోతుందని అందరూ ఫిర్యాదు చేస్తారు. లోపలి అంచు మడతల్లోంచి సూదితో దారం గుచ్చి లాగి ముడి వేసి, ఆ తర్వాత మధ్యలో వెనకా ముందూ 5 సెంటీమీటర్ల అట్ట బిళ్లలు ఫెవికాల్‌తో అంటించి, పది నిమిషాలు లావు పుస్తకం బరువు పెట్టండి.

ఇక మే శిబిరం. పోయినేడు నాలుగు పుస్తకాలే ఎందుకు పోయాయో మీ దినచర్యలోనే ఉంది: కథ, చేతిపని, చివరన పుస్తకాలు. చివరికి వచ్చేసరికి చేతులకు జిగురు, బయట ఆటో హారన్, ఎండ ముదురుతోంది, చేతిలో చేసిన బొమ్మ. ఇంక పుస్తకం ఎవరు చూస్తారు? వరస మార్చండి. ఎనిమిదింటికి మొదలు, ఇరవై నిమిషాలు చదివి వినిపించడం, తర్వాత చేతులు శుభ్రంగా ఉండగానే పదిహేను నిమిషాలు పుస్తకం ఎంచుకుని కుర్చీకి తగిలించిన సంచిలో వేసుకోవడం, ఆ తర్వాత నలభై నిమిషాలు చేతిపని. పిల్లలు కత్తిరిస్తుండగా మీరు ఇష్యూ రిజిస్టర్ రాసుకుంటారు. తొమ్మిదిన్నరకల్లా పంపించేయాలి, మేలో పది తర్వాత పిల్లలను రోడ్డు మీదికి పంపేది లేదు. మన శాఖా గ్రంథాలయాలకు మామూలుగా శుక్రవారం సెలవు, ఆదివారం తెరిచే ఉంటాయి. కొత్త పనులు ఆదివారం పెట్టుకోండి, ఇంట్లో పెద్దవాళ్లు సాయానికి దొరుకుతారు. ఎనిమిది మంది పిల్లలకొక పెద్దమనిషి తక్కువ కాకుండా చూడండి.

ఏ పని చేయించాలి? పుస్తకం మళ్లీ తెరవకుండా పూర్తికాని పని. ఐస్‌క్రీం పుల్లల ఫొటో ఫ్రేము, థర్మోకోల్ ఇల్లు, మెరుపుల పొడి, ఇవి ఇంకెక్కడైనా చేసుకోవచ్చు. మెరుపుల పొడి అయితే దీపావళి దాకా పుస్తకాల్లోంచి రాలుతూనే ఉంటుంది.

మన నేల మీదే ఇందుకు మంచి నమూనా ఉంది, చేర్యాల పటం. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది గానీ మొన్నటిదాకా వరంగల్ జిల్లాదే. కథ చెప్పేవాళ్లు పై నుంచి కిందికి విప్పుకుంటూ ఒక్కో గడి చూపిస్తూ కథ నడిపించే బొమ్మల చుట్ట అది. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపిన పూత పూసి ఆరబెట్టి దాని మీద వేస్తారు. వెనక ఎర్రటి నేపథ్యం దాని గుర్తు. శిబిరంలో ఆ పూత పెట్టుకోకండి, ఆరడానికే రోజులు పోతాయి. కాగితం మీద చేయండి.

22×28 అంగుళాల తెల్ల చార్టులు రెండు తీసుకుని, ఒక్కోదాన్ని పొడవునా సగానికి కోస్తే 11×28 ముక్కలు నాలుగు వస్తాయి. అంగుళం చొప్పున ఒకదాని మీదొకటి ఎక్కించి అతికిస్తే 109 అంగుళాలు, అంటే తొమ్మిదడుగుల పైచిలుకు. తొమ్మిదంగుళాల గడులు పన్నెండు గీయండి. గడికి ఇద్దరు చొప్పున 24 మందికి పని. పైన అంగుళం మిగులుతుంది, కింద చుట్టడానికి ఒక ముక్క అదనంగా అతికించండి. అతుకు ఎప్పుడూ పై ముక్క కింది ముక్క మీదికి రావాలి, తిరగబడితే విప్పేటప్పుడు అంచు పట్టుకుని చిరుగుతుంది. రెండు చివరలకూ బట్టల దుకాణంలో పడేసే అట్ట గొట్టాలు అడుగు పొడవు కోసి అంటించండి. సిరిసిల్ల వైపు అయితే మరమగ్గాల దగ్గర ఖాళీ కోనులు దొరుకుతాయి, అవి ఒక చివర సన్నం కాబట్టి చుట్ట వంకర పోతుంది, గొట్టాలే మేలు.

అసలు పని గీతల్లో కాదు, గడులు పంచడంలో ఉంది. కథను పన్నెండు ముక్కలు చేయడం పిల్లలతోనే చేయించండి. మొదటిసారి చేస్తే మొదలు భాగానికి ఏడు గడులు, ముగింపుకు ఒకటి మిగులుతుంది. అప్పుడు మూడు ప్రతులూ తెరిచి ఏ సంగతి తీసేసినా కథ ఆగదో వెతుక్కుంటారు. ఇంకో చిక్కు: ప్రతి గడిలో నక్క వేరే రంగులో, వేరే ఆకారంలో వస్తుంది. ముందే ముఖ్యమైన పాత్రలకు ఒక్కో రంగు తేల్చి గోడ మీద నమూనా అంటించండి. పెన్సిల్‌తో ఒక రోజు, రంగులు రెండో రోజు, చెప్పడం మూడో రోజు. నీళ్ల రంగులు పోస్తే చార్టు ముడతలు పడుతుంది, క్రేయాన్లు గానీ పోస్టర్ రంగులు చిక్కగా గానీ వాడండి. క్రేయాన్ల పెట్టె కిటికీ దగ్గర పెడితే పదకొండింటికి ముద్దవుతుంది. చివర్లో చుట్టేటప్పుడు ముగింపు వైపు నుంచి మొదలుపెట్టి, బొమ్మ లోపలికి ఉండేలా చుట్టాలి. విప్పగానే మొదటి గడి రావాలి.

రెండో వారానికి చిన్న పుస్తకాలు. ఒక్క ఏ4 కాగితంతో ఎనిమిది పేజీలు చేయొచ్చు, ఒకటే కత్తిరింపు. మూడుసార్లు సగానికి మడిచి విప్పితే ఎనిమిది గడులు కనిపిస్తాయి. పొట్టి అంచులు కలిసేలా సగానికి మడిచి, మడత వైపు నుంచి నడిమి గీత మీద మధ్య దాకా మాత్రమే కత్తిరించాలి. విప్పి, ఈసారి పొడవునా మడిచి, రెండు చివరలు పట్టుకుని లోపలికి తోస్తే నాలుగు రెక్కలుగా వస్తుంది. చుట్టూ మడిచితే పుస్తకం. పదిమందిలో ముగ్గురు మడత వైపు వదిలేసి తెరిచి ఉన్న వైపు నుంచి కత్తిరిస్తారు, కాగితం రెండు చివరలూ చీలి పుస్తకం రాదు. కత్తిరించాల్సిన చోట ముందే పెన్సిల్ గీత గీయండి, పాతిక శాతం కాగితాలు అదనంగా పెట్టుకోండి. ఏడేళ్ల లోపు వాళ్లకు ఏ3 ఇవ్వండి, ఏ4 పేజీ వాళ్ల అక్షరాలకు ఇరుకు.

పెద్ద పిల్లలకు దారం కుట్టు నేర్పండి. ఐదు ఏ4 కాగితాలు కలిపి మడిస్తే ఇరవై పేజీలు. మడత మీద మధ్యన ఒకటి, రెండంచుల నుంచి 3 సెంటీమీటర్ల లోపల ఒక్కోటి, మొత్తం మూడు చిల్లులు. దబ్బనంతో మీరే పొడిచి ఇవ్వండి. 55 సెంటీమీటర్ల దారం చాలు. లోపలి నుంచి మధ్య చిల్లులోంచి బయటికి, పై చిల్లులోంచి లోపలికి, అక్కడి నుంచి కింది చిల్లులోంచి బయటికి, మళ్లీ మధ్య చిల్లులోంచి లోపలికి. లోపల నిలువుగా పోయే పొడుగు దారానికి రెండు కొసలూ చెరో పక్కన ఉండేలా ముడి వేయాలి. ఒకే పక్కన వేస్తే వదులై జారుతుంది. ఎనిమిది కాగితాలు దాటితే లోపలి పేజీలు బయటికి తోసుకొస్తాయి. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇళ్లలో మిగిలే నూలు కొసలు అడిగి తెచ్చుకోండి. కుట్టుకు లావైతే మూడు పేటలు జడ అల్లి పేజీ గుర్తులు చేయించొచ్చు.

ఈ పుస్తకాలు ప్రదర్శనకు పెట్టి మరుసటి రోజు ఇంటికి పంపేయకండి. వెనక అట్టకు తేదీ కాగితం అంటించి, 'మా పుస్తకాలు' అని ఒక బుట్టలో పెట్టి, మిగతా పుస్తకాలలాగే ఇష్యూ చేయండి. స్నేహితురాలి పుస్తకం కోసం వచ్చిన పిల్ల ఇంకో రెండు తీసుకుని పోతుంది. నెల తర్వాత రాసినవాళ్లకు తిరిగివ్వండి.

సామాను: ఇరవై మందికి మొనలేని ఐదంగుళాల కత్తెరలు పది, అందులో ఎడమచేతి వాళ్లకు ఒకటి. ఫెవికాల్ రోజుకు 200 గ్రాములు. సీసా ఇవ్వకుండా నీళ్ల సీసా మూతల్లో పోసి ఇద్దరికొకటి ఇవ్వండి, పూయడానికి అట్ట ముక్క. తడిగుడ్డలు నాలుగు. చవకని మైదా జిగురు కాయాలనుకుంటే కప్పు మైదాను కప్పు చల్లటి నీళ్లలో ఉండల్లేకుండా కలిపి, నాలుగు కప్పుల మరిగే నీళ్లలో పోస్తూ సన్న సెగ మీద నిగనిగలాడేదాకా తిప్పాలి. మే ఎండలకు సాయంత్రానికి పులుస్తుంది, ఏ రోజుది ఆ రోజే. బైండింగ్ వాళ్లు పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లల పనిలోకి రానివ్వకండి. మైదాతో చేసినవి గ్రంథాలయంలో దాచుకుంటే బొద్దింకలు వాటి కోసం వచ్చి పక్క పుస్తకాలు కూడా రుచి చూస్తాయి, కాబట్టి ఇంటికి పోయే వస్తువులకే అది. చిరిగిన పుస్తకాలకు సెలోటేప్ వేయొద్దు, రెండేళ్లకు పసుపెక్కి జిగట కారుతుంది. సన్న కాగితం పట్టీ, నీళ్లు కలిపిన ఫెవికాల్ చాలు.

శిబిరంలో ఇచ్చే పుస్తకాలకు పదిహేను రోజుల గడువు ముద్ర వేయకండి. సగం మంది పిల్లలు అమ్మమ్మ ఊళ్లకు పోతారు, గడువు దాటిందని భయపడి మళ్లీ మీ గది వైపు రారు. బడులు జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. తేదీ కాగితం మీద జూన్ 20 అని వేయండి, జరిమానా లేదని తల్లిదండ్రులకు నోటితో చెప్పండి. వాళ్లు పుస్తకం తిరిగి తెచ్చే వారంలోనే ఓటు జాబితా గోడ మీద ఉండాలి, ఆ పది పుస్తకాల మూడేసి ప్రతులు తాడు మీద వేలాడుతుండాలి.